అరవై ఎనిమిది కీళ్ళు

సుద్దముక్కతో మొదలైంది. 2018 వానాకాలం, తొమ్మిదో తరగతి గదిలో ఉత్పలమాలకు గణవిభజన చేస్తున్నాను. రెండో పాదానికి వచ్చేసరికి చూపుడువేలూ బొటనవేలూ కలవడం మానేశాయి. సుద్దముక్క జారి కింద పడింది. ముందు బెంచీ పిల్లవాడు తీసి ఇచ్చాడు. మళ్ళీ పడింది. మూడోసారి వాడే బోర్డు దగ్గరికి వచ్చి "మీరు చెప్పండి టీచర్, నేను రాస్తాను" అన్నాడు. ఆ రోజు నుంచి ఏడాది పైన నా పాఠాలన్నీ పిల్లల దస్తూరీలోనే నడిచాయి.

పొద్దున లేచేసరికి రెండు చేతులకూ సిమెంటు కట్టు వేసినట్టుండేది. కుళాయి తిప్పలేను. చీర కుచ్చిళ్ళు పెట్టుకోలేను. గంటన్నర గడిస్తే కాస్త సడలేవి. ఈలోగా విశాఖపట్నంలో మా గోపాలపట్నంలో ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయేది. మావారు షిప్‌యార్డులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, దేనికైనా పనిముట్టు ఉంటుందని నమ్మకం. కుళాయికి పొడుగు పిడి బిగించారు, గ్యాస్ పొయ్యి మరలకు రబ్బరు చుట్టారు. జడ వెయ్యడం మాత్రం ఆయన వల్ల కాలేదు. అప్పుడే జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాను. స్కూల్లో ఫ్యాషన్ అనుకున్నారు.

తర్వాతి పద్నాలుగు నెలల్లో నేను కలిసిన ప్రతి ఒక్కరికీ నా జబ్బేమిటో తెలుసు. ఇప్పుడు తలుచుకుంటే అదే వింత. ఒక డాక్టరు ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్ష చేయించి, నెగటివ్ రాగానే "కీళ్ళవాతం కాదు, వయసు" అని తేల్చేశారు. నాకప్పుడు 46. ఇంకొకాయన పాత చికున్‌గున్యా తాలూకు నొప్పులన్నారు. 2006లో ఆంధ్రా అంతా మంచాన పడ్డప్పుడు మా ఇంట్లోనూ అందరికీ వచ్చిన మాట నిజమే. పన్నెండేళ్ళు నిద్రపోయి ఇప్పుడు లేచిందా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. మూడో ఆయన విటమిన్ డి అన్నారు. ఆఖరికి బంధువుల మాట పట్టుకుని ఒక పల్లెలో ఇచ్చే పొడి తెచ్చుకున్నాం. రెండు రోజుల్లో మహత్తులా పనిచేసింది. నేనే స్వయంగా అరిసెలు వొత్తాను. రెండు నెలలకు మొహం గుండ్రంగా ఉబ్బి, అద్దంలో ఎవరో వేరే ఆవిడ కనిపించింది. పొడి మానేస్తే మంచం దిగలేకపోయాను. తర్వాత స్పెషలిస్టు ఆ మొహం చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "పొడి ఎన్నాళ్ళు వాడారు?" అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండడం ఆయన చాలాసార్లు చూశారట.

ఆ స్పెషలిస్టు రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతం డాక్టరు. 2019 అక్టోబరులో వెళ్ళాను. నా రిపోర్టుల కట్ట అంతా చదివి, వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసి, "ఏమిటో ఇంకా తెలీదు. రెండు పరీక్షలు చేశాక చెబుతాను" అన్నారు. ఏడాదికి పైగా తిరిగాక ఒక డాక్టరు నోట 'తెలీదు' అనే మాట వినడం అదే మొదలు. ఎందుకో అప్పుడే ఆయన మీద నమ్మకం కుదిరింది.

యాంటీ సీసీపీ అనే పరీక్ష బాగా ఎక్కువగా వచ్చింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం, ఉన్నా ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్ రావచ్చనీ, ఒక్క రక్తపరీక్షతో తేలే జబ్బు కాదనీ అప్పుడు తెలిసింది. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి పది మార్కుల పద్ధతి ఒకటి పెట్టుకున్నాయట. ఎన్ని కీళ్ళు, అందులో చిన్నవెన్ని, రక్తంలో యాంటీబాడీలు, ఒంట్లో వాపును చూపించే ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ అనే రక్తపరీక్షల అంకె పెరిగిందా, ఆరు వారాలు దాటిందా అని చూసి మార్కులు వేస్తారు. ఆరు వస్తే జబ్బు ఖాయం. నాకు తొమ్మిది వచ్చాయి. ఏ పరీక్షలోనైనా తొమ్మిది మార్కులొచ్చి ఏడ్చింది ఆ ఒక్కసారే.

మందు మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కరోజే. చీటీ మీద 'ఆదివారం' అని రాసి చుట్టూ సున్నా చుట్టారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని మావారిని కూర్చోబెట్టి మరీ చెప్పారు. మర్నాడు ఫోలిక్ యాసిడ్. ఆ మాత్ర వెనక ఒక తెలుగాయన ఉన్నారని ఇంటికొచ్చి చదువుకుంటే తెలిసింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ మీద పనిచేస్తూ చేసిన మందుల కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. మొదట క్యాన్సర్‌కు వాడారు. కీళ్ళజబ్బుకు అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో. ఆయన 1948లోనే పోయారు. అంటే ఆయనకు తెలియకుండానే ఆయన మాత్ర గోపాలపట్నంలో ఒక తెలుగు పంతులమ్మ వేళ్ళదాకా వచ్చింది.

ఒక నిజం ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత పనికొస్తుంది. ఆ మాత్ర వేసుకున్న రోజు కడుపులో తిప్పేది. మా ఇంట్లో ఆదివారమంటే వంజరం పులుసు. పులుసు ఉన్న ఆదివారాల్లో మాత్ర 'మరిచిపోయేదాన్ని'. డాక్టరుగారికి చెప్పలేదు.

2020 మార్చిలో ఇంకో ముచ్చట. మెథోట్రెక్సేట్‌కు తోడు నేను హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా వాడేదాన్ని. కరోనాకు అదే మందని ప్రపంచమంతా ఊదరగొట్టింది. నాలుగు రోజుల్లో ఆ మాత్ర మందుల షాపుల్లోంచి మాయం. మావారు గోపాలపట్నం నుంచి ద్వారకానగర్ దాకా లాక్‌డౌన్‌లో చీటీ చూపిస్తూ తిరిగి రెండు షీట్లు తెచ్చారు. జూన్‌లో ఇంగ్లండులో రికవరీ అనే పెద్ద ట్రయల్ వాళ్ళు లెక్క తేల్చి, ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు ఆ మాత్ర వల్ల లాభం లేదని చెప్పారు. ట్రయల్ అనే మాట నేను మనసుపెట్టి విన్నది అప్పుడే. మూడు నెలలు అందరికీ 'తెలిసిన' సంగతిని, కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకుండా చూస్తే తప్ప తేల్చలేకపోయారు. ఈలోగా దాని అవసరం నిజంగా ఉన్న మాలాంటి వాళ్ళం షాపుల చుట్టూ తిరిగాం.

2022 ఫిబ్రవరిలో జబ్బు మళ్ళీ రేగింది. డాక్టరుగారు ఒక కొత్త మాత్ర మీద ట్రయల్ జరుగుతోందనీ, నేను సరిపోతానేమో చూద్దామనీ అన్నారు. జాక్ ఇన్హిబిటర్ అనే జాతి మందట. "పనిచేస్తుందా సార్?" అన్నాను. "అది తెలీకే కదా టీచర్ గారూ చేస్తున్నాం" అన్నారు. ఆ జాతిలోనే పాత మందు ఒకదాని వల్ల యాభై దాటి గుండె సమస్యల ముప్పు ఉన్నవాళ్ళలో గుండెపోట్లు, క్యాన్సర్లు కాస్త ఎక్కువ కనిపించాయనీ, 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద గట్టి హెచ్చరిక పెట్టించిందనీ కూడా ఆయనే చెప్పారు. సర్పి లేచే అవకాశం ఉంటుందన్నారు. నాకు అప్పటికి సరిగ్గా యాభై. ఇంటికెళ్ళి ఆలోచించుకోమన్నారు.

ఇంట్లో పెద్ద సభే జరిగింది. అమ్మది చోడవరం దగ్గర పల్లె. "ఏటే, ఎలకల మీద సెయ్యాల్సింది నీ మీద సేత్తారేటి? నీకేటి కర్మే?" అని మొదలెట్టింది. మావారి బాధ వేరు. "నీకు పడేది మందో పిండిబిళ్ళో తెలీకుండా ఆర్నెల్లా?" అని. తమ్ముడు లాయరు. వాడు చెప్పింది విన్నాక నిజంగా భయమేసింది. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయారని గొడవ రేగి 2010 ఏప్రిల్‌లో ఆపించారు. టీకా వల్ల చనిపోలేదనే విచారణలో తేలింది. సంతకాల సంగతిలో జరిగింది మాత్రం తప్పేనని తేలింది. "అక్కా, హెడ్మాస్టర్లు! మీవాళ్ళే!" అన్నాడు వాడు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. నేనూ ఎన్ని కాగితాల మీద పిల్లల తరఫున సంతకాలు పెట్టించి ఉంటాను!

వాడే మళ్ళీ, ఆ తర్వాత నిబంధనలు బిగించారనీ, 2019లో కొత్త రూల్స్ వచ్చాయనీ చెప్పాడు. సీటీఆర్ఐ అని ప్రభుత్వ రిజిస్ట్రీ ఒకటి ఉంది, 2009 జూన్ నుంచి మనదేశంలో ఏ మందు ట్రయల్ అయినా మొదటి రోగిని చేర్చుకోకముందే అందులో నమోదు కావాలి. వాడు ఫోన్లోనే వెతికి మా ట్రయల్ పట్టుకున్నాడు. ఎంతమందిని తీసుకుంటారో, ఏ ఊళ్ళలో జరుగుతోందో, ఏం కొలుస్తారో అన్నీ ఉన్నాయి. విశాఖపట్నం పేరు చూసి అమ్మ కొంచెం మెత్తబడింది. "రాసి పెట్టేరా? అయితే దొంగపని కాదన్నమాట."

సంతకాల రోజు మర్చిపోలేను. బీచ్ రోడ్డుకు దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మూడో అంతస్తులో చిన్న గది, కిటికీలోంచి ఒక ముక్క సముద్రం. కోఆర్డినేటర్ పార్వతీపురం వైపు అమ్మాయి, ఫార్మసీ చదివింది. ఇరవై ఆరు పేజీల తెలుగు కాగితాలు నా ముందు పెట్టింది. మొదటి వాక్యం ఇదీ: 'ఇది ఒక యాదృచ్ఛికీకరించబడిన, ద్వంద్వ-అంధ, కూటౌషధ-నియంత్రిత అధ్యయనము అయి ఉన్నది.' ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను, నాకే అర్థం కాలేదు. అలవాటు కొద్దీ సంచిలోంచి ఎర్రపెన్ను తీశాను. మూడు పేజీలు దిద్దేసరికి ఆ అమ్మాయి చూసి గాభరా పడిపోయింది. "అయ్యో మేడమ్, అందులో కామా కూడా మార్చకూడదు! ఎథిక్స్ కమిటీ ఆమోదించిన కాపీ అది!" అని కాగితాలు లాక్కుని కొత్త సెట్టు తెచ్చింది. నేను దిద్దినది ఏంచేశావమ్మా అంటే, దాన్ని పారెయ్యడానికి కూడా వీల్లేదట, కారణం రాసి ఫైల్లో పెట్టాలట. నా ఎర్రసిరా ఏ ఆడిట్‌లోనో ఇంకా ఉండే ఉంటుంది.

ఎథిక్స్ కమిటీ అంటే ఏమిటని అడిగాను. ట్రయల్ రోగులకు న్యాయంగా ఉందా లేదా చూసి ఒప్పుకునేవాళ్ళట. కనీసం ఏడుగురుంటారు, సగం మంది ఆసుపత్రికి సంబంధం లేని బయటివాళ్ళు కావాలి. డాక్టర్లతో పాటు న్యాయం తెలిసినవాళ్ళు ఒకరు, ఏ శాస్త్రమూ తెలియని మామూలు మనిషి ఒకరు తప్పనిసరి. ఆ మామూలు మనిషి ఎవరోగానీ, 'కూటౌషధ-నియంత్రిత' అన్నదాన్ని ఎలా ఒప్పుకున్నారా అనిపించింది.

ఆ అమ్మాయి నోటితో చెప్పింది మాత్రం పిల్లలకు చెప్పినట్టు తేటగా ఉంది. కంప్యూటరు బొమ్మా బొరుసూ వేసినట్టు ఒక నంబరు ఇస్తుంది. సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర, దాన్నే ప్లాసిబో అంటారు. ఏది ఎవరికి వెళ్ళిందో నాకూ తెలీదు, డాక్టరుకూ తెలీదు, తనకూ తెలీదు. మెథోట్రెక్సేట్ అందరికీ మామూలుగానే ఉంటుంది, కాబట్టి ఎవరినీ వైద్యం లేకుండా గాలికి వదలరు. పదహారో వారానికి ఏమాత్రం తగ్గనివాళ్ళకు వేరే ఏర్పాటు. ఆర్నెల్ల తర్వాత అందరికీ అసలు మందే. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానెయ్యొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు కంపెనీది, నష్టపరిహారం కూడా ఉంటుంది, చివరికి ప్లాసిబో తీసుకున్నవాళ్ళకు హాని జరిగినా సరే. తమ్ముడు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ప్రతి పేజీ మీదా సంతకం, తేదీ. వేళ్ళు వాచి ఉన్న మనిషి చేత ఇరవై ఆరు సంతకాలు పెట్టించడం ఎవరి ఆలోచనో! పద్దెనిమిదో పేజీ దగ్గర నా సంతకం నాకే గుర్తుపట్టలేనట్టయింది.

సంతకం పెట్టగానే చేర్చుకున్నట్టు కాదు. ఛాతీ ఎక్స్‌రే, టీబీ కోసం ప్రత్యేక రక్తపరీక్ష, హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ, గుండె పరీక్ష, కొలెస్ట్రాల్. ఈ జాతి మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, లోపల నిద్రపోతున్న టీబీ గానీ హెపటైటిస్ గానీ లేస్తుందని భయం. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపమన్నారు. నర్సీపట్నం నుంచి వచ్చిన ఒకావిడ, నాకంటే చేతులు దారుణంగా వంకరపోయినావిడ, నాతోపాటే పరీక్షలకు కూర్చుంది. పది రోజుల తర్వాత కనిపిస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హెపటైటిస్ బీ బయటపడింది, ట్రయల్‌కు పనికిరాదన్నారు. "మందు రాదు సరే, లేని జబ్బు తగిలించేరు నాకు" అంది. లేనిది కాదు, ఉన్నదే ఇప్పుడు తెలిసిందని చెప్పబోయి ఊరుకున్నాను. ఆవిణ్ణి లివర్ డాక్టరు దగ్గరికి పంపారు. తర్వాత ఏమైందో నాకు తెలియలేదు.

మే నెలలో నా నంబరు వచ్చింది, మాత్రల సీసా ఇచ్చారు. మావారు ఆ రాత్రి ఒక మాత్ర తీసి వెలుతురులో పెట్టి చూశారు, వాసన చూశారు, నాకి చూద్దామా అన్నారు. నాకితే మాత్రల లెక్క తప్పుతుందని చెప్పి లాక్కున్నాను.

లెక్క అంటే మామూలు లెక్క కాదు. ప్రతి విజిట్‌కూ సీసా వెనక్కి తేవాలి. ఆ అమ్మాయి పళ్ళెంలో పోసి, మందుల షాపులో వాడే చిన్న గరిటెతో రెండేసి జరుపుతూ మిగిలినవి లెక్కపెడుతుంది. మెథోట్రెక్సేట్ కూడా డైరీలో రాయాలి, తేదీ, వేళ. ఒక్కటి తప్పినా "ఎందుకు మేడమ్?" అని అడుగుతుంది, అడిగి రాసుకుంటుంది. వంజరం పులుసు అని రాయించలేక, ఏళ్ళలో మొదటిసారి ఆ మాత్ర ఒక్క వారం కూడా తప్పకుండా వేసుకున్నాను. చివరికి పులుసునే శుక్రవారానికి మార్చాం.

విజిట్ రోజు పరగడుపున రక్తం. ఆరున్నరకు గోపాలపట్నంలో బస్సెక్కి, ఎన్ఏడీ దాటి, కాంప్లెక్సులో దిగి ఆటో. రక్తం తీయగానే క్యాంటీన్‌లో ఇడ్లీకి చీటీ ఇచ్చేవారు. దారి ఖర్చులు బ్యాంకులో పడేవి. అందులో సీఆర్పీ ఫలితం మా డాక్టరుగారికి కూడా చెప్పరు. అది పడిపోతే నాకు దక్కింది అసలు మందేనని ఊహించేస్తారని! బయటి ల్యాబుకు పంపేసి గుట్టుగా ఉంచుతారు.

కీళ్ళు చూసేది వేరే డాక్టరు. ఆవిడకు నా వైద్యంతో ఏ సంబంధం ఉండదు, ఉండకూడదు. "ఎలా ఉన్నారు" అని కూడా అడగదు. దవడ దగ్గర మొదలుపెట్టి, మెడ కింది అడ్డ ఎముకల చివర్లు, భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ళ కణుపులు, మోకాళ్ళు, చీలమండలు, కాలివేళ్ళ దాకా అరవై ఎనిమిది కీళ్ళు ఒక్కొక్కటే నొక్కుతుంది. నొప్పా? అవును, కాదు. అంతే. వాపు మాత్రం అరవై ఆరింట్లోనే చూస్తారు, తుంటి కీళ్ళు రెండూ లోతుగా ఉంటాయి కాబట్టి వాపు పైకి కనిపించదు. మామూలుగా జబ్బు తీవ్రత లెక్కకట్టే డాస్ 28 అనే పద్ధతిలో ఇరవై ఎనిమిది కీళ్ళే ఉంటాయి, పాదాలు అసలు లేవు. నాకేమో అన్నిటికంటే పాదాలే నొప్పి. ఆ గదిలో నా కాలివేళ్ళను కూడా ఒకరు లెక్కలోకి తీసుకున్నారు. పద్నాలుగు నెలలు తిరిగితే నా చెప్పులు విప్పమన్నవాళ్ళు లేరు. మొదటి విజిట్‌లో ఆవిడ నా ఎడమ చిటికెనవేలు నొక్కి "నొప్పా?" అని పెన్ను పట్టుకుని ఎదురుచూస్తుంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నొప్పి వల్లనే అనుకుని ఆవిడ 'అవును' అని రాసేసుకుంది. నిజానికి ఆ కణుపులో నొప్పి లేదు. ఆ ఒక్క తప్పు లెక్క నా వల్ల జరిగింది.

ఆ తర్వాత ప్రశ్నల కాగితం. ఎక్కడో అమెరికాలో పుట్టిన ప్రశ్నలు. షూ లేసులు కట్టుకోగలరా, టబ్బులో దిగి స్నానం చెయ్యగలరా, కొత్త పాల కార్టన్ తెరవగలరా, కారు తలుపు తియ్యగలరా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. విశాఖ డెయిరీ ప్యాకెట్ పళ్ళతో కొరికి తెరిచే మనిషి కార్టన్‌కు ఏం రాయాలి? బస్సు మెట్టు ఎక్కగలరా, నేల మీద కూర్చుని లేవగలరా, పచ్చడి రోట్లో నూరగలరా, చంటిపిల్లను ఎత్తుకోగలరా అని అడిగి ఉంటే నా జబ్బు ఇంకా బాగా తెలిసేది వాళ్ళకి. చివర్లో పది సెంటీమీటర్ల గీత ఒకటి ఉంటుంది. ఒక కొస నొప్పే లేదు, ఇంకో కొస భరించలేనంత. మధ్యలో అడ్డగీత పెట్టాలి, వాళ్ళు స్కేలుతో మిల్లీమీటర్లు కొలుచుకుంటారు. నాకు ఆ గీత మాత్రం నచ్చింది. మాటలకంటే నిజాయితీగా ఉంది.

నాలుగో నెలకు సుద్దముక్క నిలబడింది. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పాను, నాకు అసలు మందే పడింది, ఇందులో అనుమానమే లేదు అని. అమ్మ కూడా తన ఎలకల మాట మర్చిపోయి, "కొత్త మందు మా అమ్మాయికి దక్కింది" అని వీధంతా చెప్పింది.

సెప్టెంబరులో డెంగీ. ప్లేట్‌లెట్లు నలభై ఎనిమిది వేలకు పడిపోయి, ఇంటి దగ్గర్లో వేరే ఆసుపత్రిలో మూడు రోజులున్నాను. మావారు కోఆర్డినేటర్‌కు మాటవరసకు ఫోన్ చేశారు. రాత్రి తొమ్మిదింటికి ఆ అమ్మాయి వర్షంలో స్కూటీ మీద వచ్చేసింది. ట్రయల్‌లో ఉన్నవాళ్ళు ఏ కారణంతో ఆసుపత్రిలో చేరినా అది 'తీవ్రమైన' సంఘటన కిందే లెక్క, డాక్టరు ఇరవై నాలుగు గంటల్లో పైకి తెలియజేయాలి. దోమ కుట్టినా సరే, మందు వల్ల కాదని తేలేదాకా అనుమానమే. నా సీసాలో ఏముందో విప్పి చూసే వీలు అత్యవసరానికి ఉంటుందట, కానీ డెంగీ వైద్యం ఎలాగైనా ఒకటే కాబట్టి విప్పలేదు. మాత్ర రెండు వారాలు ఆపారు. డిశ్చార్జి కాగితాల్లో ప్రతి పేజీ కాపీ కావాలని ఆ అమ్మాయి తిరిగిన తిరుగుడు చూసి, మావారు "మా షిప్‌యార్డులో మనిషి పడిపోయినా ఇంత రాయలేదు" అన్నారు.

ఆర్నెల్ల తర్వాత అందరికీ అసలు మందే అన్నారు, సీసా మాత్రం అచ్చం అదే. ఆ విజిట్లు అన్నీ ఒకలాగే గడిచిపోయాయి. జనవరికల్లా పొద్దున్న బిగుసుకోవడం పది నిమిషాలకు వచ్చింది. సెలవుల్లో విశ్రాంతి వల్ల అనుకున్నాను.

2023 మేతో ఏడాది అయిపోయింది. నాకు మిగిలిన అసంతృప్తి ఒకటే, అది ఆ రోజుదే. ఇంత తగ్గాక మందు ఆపేస్తే ఎలా? అది ఇంకా అమ్మకానికి లేదు. ట్రయల్ తర్వాత కూడా మందు ఇచ్చే వీలు రూల్స్‌లో ఉంది గానీ, వేరే దారి లేని రోగికే అని డాక్టరుగారు వివరించారు. నాకు వేరే దార్లున్నాయి. సబబే. అయినా ఆ సాయంత్రం ఖాళీ సీసా అప్పగించి మెట్లు దిగుతుంటే అరువు తెచ్చుకున్న నగ తిరిగి ఇచ్చేసినట్టుంది. ఇప్పుడు మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మళ్ళీ. ఆ ట్రయల్ ఏడాది ఉన్నంత బాగా లేదు. 2018 అంత చెడ్డగానూ లేదు.

2024 నవంబరులో ఉత్తరం వచ్చింది. మొదటి ఇరవై నాలుగు వారాలు నాకు ఇచ్చింది ప్లాసిబో.

రెండుసార్లు చదివాను. నాలుగో నెలలో నిలబడ్డ సుద్దముక్క, స్టాఫ్‌రూమ్‌లో నా ప్రగల్భాలు, అన్నీ పిండిబిళ్ళ మీద. డాక్టరుగారికి ఫోన్ చేసి, చివరికి ఆ వంజరం పులుసు సంగతి ఒప్పేసుకున్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వారు. డాస్ లెక్క 5.7 నుంచి ఆర్నెల్లలో 3.9కి వచ్చిందట, ఏడాది చివరికి 2.7. మొదటి దిగుడులో ఎంత మెథోట్రెక్సేట్‌ను వారం తప్పకుండా వేసుకోవడం వల్లో, ఎంత నమ్మకం వల్లో, ఎంత జబ్బు తనంతట తను తగ్గడం వల్లో నా ఒక్కదాని లెక్కతో విడదీయలేమన్నారు. అందుకే అంతమంది కావాలట.

అమ్మకు చెబితే, "అయితే ఎలకవి కూడా కాదన్నమాట నువ్వు" అంది. నిరాశ పడిందో, ఊరట పడిందో తెలియలేదు.

ఆ అమ్మాయికి కూడా ఫోన్ చేశాను. ఇప్పుడు వేరే ట్రయల్ చూస్తోందట, లూపస్ అనే ఇంకో జబ్బు మీద. కాగితాల తెలుగు ఎలా ఉందమ్మా అంటే, "అలాగే ఉంది మేడమ్" అని నవ్వింది. ఇంతకీ మన మందు పనిచేస్తుందని తేలిందా అని అడిగాను.

"తెలీదు మేడమ్. ఇంకా లెక్కలు కడుతున్నారు."